మోదుగ పూత నుంచి ప్లేటు దాకా: పాత పద్ధతిలో వృక్ష చిత్రం వేయడమెలా

మాఘం దాటిందంటే చాలు, రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు నుంచి ఒకటే ప్రశ్న. "మోదుగ పూసిందండీ, ఆ పాత ఇంగ్లీషు పుస్తకాల్లో ఉన్నట్టు వేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?" దాంతో పాటు ఒక ఫొటో. బొమ్మ బాగానే ఉంటుంది, చేయి తిరిగినవాళ్ళే వేస్తున్నారు. కానీ ఆదివారం పొద్దున మొదలుపెట్టి సాయంత్రానికి సంతకం పెట్టేయాలన్న తొందర కనిపిస్తుంది. తేడా వచ్చేది అక్కడే.

మోదుగ ప్లేటు, అంటే పూవూ ఆకూ కాయా అన్నీ చూపించే పూర్తి చిత్రం, ఒక్క రోజులో అయ్యేది కాదు. ఫిబ్రవరిలో పూవు, ఏప్రిల్లో ఆకు, జూన్ లోపు కాయ, మూడూ ఒకే కాగితం మీదికి రావాలి. అందుకే ఈ వ్యాసంలో బ్రష్ పని కంటే దానికి ముందు చేయాల్సిన పనే ఎక్కువ రాశాను. మోదుగను ఉదాహరణగా తీసుకున్నా, ఇదే వరస ఇప్పకూ రేలకూ అడవి నాభికీ పనికొస్తుంది. నెలలే మారతాయి.

1. ముందు క్యాలెండర్ చూసుకోండి

మోదుగ పూసే వేళకు కొమ్మల మీద ఆకు ఉండదు. పూత రాలాక చివుళ్ళు వస్తాయి, ఆ తర్వాత కాయలు ముదురుతాయి. పాత ప్లేట్లలో పూగుత్తీ మూడాకుల రెమ్మా పక్కపక్కనే కనిపిస్తాయి కదా, చెట్టు మీద ఆ రెండూ కలిసి నిండుగా కనిపించవు. వేర్వేరు నెలల్లో చూసింది ఒక్క చోట చేర్చి వేసినవి అవి.

అందుకని పూవు కంటే ముందు ఒక చెట్టును ఎంచుకోండి. మళ్ళీ మళ్ళీ దాని దగ్గరికే వెళ్ళాలి.

చెట్టు ఎంచుకునేటప్పుడు:

- చేతికందే కొమ్మ ఒకటైనా ఉండాలి
- పొలం గట్టు మీదిదైతే రైతును అడిగి ఉండాలి
- రిజర్వు ఫారెస్టు, అభయారణ్యం లోపలిది కాకూడదు. మహేంద్రగిరి వైపు వెళ్ళేవాళ్ళు ఫారెస్టు ఆఫీసులో అడిగాకే ఏదైనా కోయండి. ఒక రెమ్మ కోసం బీటు గార్డుతో టెన్షన్ ఎందుకు
- జూన్ దాకా నరకరని నమ్మకం ఉండాలి. ఊళ్ళో వంటచెరకు ఎక్కడినుంచి కొడుతున్నారో కనుక్కోండి

రాలిన పూలు చీల్చి చూడటానికి బాగా పనికొస్తాయి. గుత్తిలో పూలు ఎలా అమరాయో తెలియాలంటే మాత్రం కొమ్మ మీదే చూడాలి. ఒక్క గుత్తి కోస్తే చాలు, చెట్టంతా దులపకండి.

2. సామాను

కాగితం: 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగేది), హాట్ ప్రెస్ (నున్నగా ఉండేది), కాటన్. ఊళ్ళో స్టేషనరీ షాపుల్లో దొరికే డ్రాయింగు షీటు రెండో పూతకే ఉబ్బుతుంది. గరుకు కాగితం మీద సన్న గీత తెగిపోతుంది. విశాఖకో బరంపురానికో ఎవరైనా వెళుతుంటే తెప్పించుకోండి, లేదా ఆన్‌లైన్లో కొనండి.

కొన్న కాగితాన్ని ఒక్కసారి పరీక్షించండి. మూలన ఒక నీటి చుక్క వేయండి. చుక్క కాసేపు పైనే నిలిస్తే మంచిది. వెంటనే ఇంకిపోయి మరకలా పాకితే కాగితానికి పట్టించిన జిగురు చెడిందని అర్థం. వర్షాకాలం చెమ్మలో నిల్వ ఉన్న కాగితాలకు ఈ జబ్బు మామూలే. దాని మీద రఫ్ పని చేసుకోండి, అసలు ప్లేటు వేయకండి.

రంగులు ఆరు ట్యూబులు సరిపోతాయి: లెమన్ ఎల్లో, గాంబోజ్ పేరుతో వచ్చే బంగారు పసుపు, స్కార్లెట్, పర్మనెంట్ రోజ్, అల్ట్రామెరైన్, బర్న్ట్ సియెన్నా. ట్యూబు మీద వెలుగుకు వెలిసిపోదని చెప్పే లైట్‌ఫాస్ట్ గుర్తు చూసి కొనండి. పిల్లల సెట్లలోని ఆరెంజ్, పింక్ గోడకు తగిలించిన కొన్నాళ్ళకే వెలిసిపోతాయి.

పాతవాళ్ళు వాడిన రంగులే కావాలని కొందరు వెతుకుతుంటారు. అసలు గాంబోజ్ అంటే ఒక చెట్టు జిగురు, అది కడుపులోకి పోతే విరేచనాలు పట్టుకుంటాయి. అసలు వెర్మిలియన్‌లో పాదరసం ఉంటుంది. ఆ జోలికి పోకండి. బ్రష్ మొనను పెదవుల మధ్య పెట్టి సన్నం చేసే అలవాటుంటే అదీ మానండి.

ఇవి కూడా దగ్గర పెట్టుకోండి:

- 4వ నంబరు, 1వ నంబరు గుండ్రటి బ్రష్‌లు, రంగు కలపడానికి అరిగిపోయిన పాత బ్రష్ ఒకటి
- 2హెచ్, హెచ్‌బీ పెన్సిళ్ళు, పిండిలా పిసికి వాడే మెత్తటి నీడెడ్ రబ్బరు
- జామెట్రీ బాక్సులోని డివైడర్, స్కేలు
- పది రెట్లు చూపించే చిన్న భూతద్దం
- కొత్త బ్లేడు, ట్రేసింగ్ పేపరు, రెండు గ్లాసుల నీళ్ళు

3. మొదటి గంట రంగుకే

అందరూ ముందు గీసి, తర్వాత రంగు చూసుకుంటారు. మోదుగ విషయంలో ఆ వరస తిరగేయాలి. ఆకారం సాయంత్రం దాకా కాస్త అటూఇటూగా నిలబడుతుంది, రంగు నిలవదు. కోసిన పూవు మధ్యాహ్నానికే అంచుల్లో కమిలి గోధుమకు తిరుగుతుంది.

ఏడు, ఎనిమిది గంటల మధ్య కోయండి. కాడ చివర వెంటనే నీళ్ళలో పెట్టి నీడకు తీసుకురండి. ఎండలో నిలబడి రంగు పోల్చుకుంటే అంతా పసుపుగా తోస్తుంది. ఉత్తరం వైపు కిటికీ ఉంటే దాని దగ్గర కూర్చోండి, లేదంటే వరండాలో నీడపట్టున.

అసలు ప్లేటుకు వాడే కాగితంలోంచే ఒక పట్టీ కత్తిరించండి. ఒక్కో భాగానికి ఒక్కో గడి:

- విప్పారిన పెద్ద రేక బయటివైపు
- అదే రేక లోపలివైపు
- పక్క రేకలు
- కొక్కెంలా వంగిన కింది రేకల మొన
- విచ్చని మొగ్గ
- పూవు అడుగున ముదురు రంగు రక్షకపత్రం, దాని అంచు
- కాడ

ఒక్కో గడిలో ఏ రంగులు ఏ వరసలో వేశారో పక్కనే పెన్సిల్‌తో రాయండి. ఆరాక పూవు పక్కన పెట్టి చూడండి. వాటర్ కలర్ ఆరితే పాలిపోతుంది కాబట్టి తడి మీద సరిపోయిందనుకున్నది ఆరాక చాలదు. కాస్త చిక్కగా మళ్ళీ వేయండి.

మోదుగ రంగు ట్యూబులోని ఆరెంజ్‌తో రాదు. ముందు గాంబోజ్ పసుపు పల్చగా పూసి పూర్తిగా ఆరనివ్వాలి. దాని మీద స్కార్లెట్ పల్చగా వేయాలి. కింది పసుపు పైకి మెరుస్తుంది, పూవులో వెలుగున్నట్టు కనిపించేది దానివల్లే. పళ్ళెంలోనే రెండూ కలిపేస్తే రంగు దగ్గరగానే ఉంటుంది, ఆ వెలుగు మాత్రం ఉండదు. నీడకు పర్మనెంట్ రోజ్‌లో అల్ట్రామెరైన్ చుక్క. నలుపు వద్దు, అది ఈ రంగును బురద చేస్తుంది.

ఫోన్ ఫొటో మీద ఎక్కువ ఆధారపడకండి. ఇంత చిక్కటి నారింజను కెమెరా పట్టుకోలేదు, రేక మీది ఈనెలూ నూగూ కలిసిపోయి ఒకే ముద్దలా వస్తుంది. ఆకారం గుర్తుకు తెచ్చుకోవడానికి ఫొటో తీసుకోండి. రంగుకు మాత్రం మీ పట్టీయే ప్రమాణం.

4. కోసి చూడండి, కొలిచి రాయండి

రెండో పూవును బ్లేడుతో నిలువునా చీల్చండి. మూడోదాని రేకలు ఒక్కొక్కటే ఊడదీసి తడిగుడ్డ మీద పరవండి. ఇంటర్ బోటనీ చదివినవాళ్ళకు చిక్కుడు కుటుంబం పూవు గుర్తుండే ఉంటుంది: పెద్ద రేక అయిన ధ్వజ దళం ఒకటి, పక్క రేకలైన బాహువులు రెండు, కింద అతుక్కుని ఉన్న ద్రోణి దళాలు రెండు. లోపల పది కేసరాలు, తొమ్మిది కలిసి ఒక గొట్టంలా, పదోది విడిగా. ఆ పదోదాన్ని వదిలేసిన బొమ్మలు బోలెడు. బోటనీ తెలిసినవాళ్ళు ముందు చూసేది అదే.

ద్రోణి వంపు దగ్గర జాగ్రత్త. అది చిలుక ముక్కులా బలంగా వంగి, మొనదేలి ఉంటుంది. చేతికి అలవాటైన చిక్కుడు పూవులా నిటారుగా వేస్తే మోదుగ కాకుండా పోతుంది.

కొలతలు డివైడర్‌తో తీసి నేరుగా కాగితం మీద గుచ్చండి. స్కేలు మీద చదివి, అంకె రాసి, మళ్ళీ స్కేలు చూసి గీస్తే ప్రతిసారీ కాస్త జారుతుంది. బొమ్మ అసలు సైజులోనే వేయండి. మోదుగ పూవు పెద్దదే కాబట్టి పెంచాల్సిన పని లేదు. కేసరాలూ అండాశయమూ మాత్రం రెండింతలు చేసి పక్కన వేసుకోవచ్చు, "రెండింతలు" అని రాయడం మరవకండి.

కొలిచి రాయాల్సినవి:

- ధ్వజ దళం పొడవు, వెడల్పు
- రక్షకపత్రం లోతు
- పూకాడ పొడవు
- గుత్తిలో ఒక్కో కణుపు దగ్గర ఎన్ని పూలు
- మొగ్గల సైజులు, చివరి నుంచి మొదటి దాకా

5. రఫ్ గీత, ఖాళీ జాగా

మంచి కాగితం మీద పెన్సిల్‌తో వెతుక్కోకండి. రబ్బరు రుద్దిన చోట పైపొర లేచి, రంగు అక్కడ మచ్చలా దిగుతుంది. గీయడం, చెరపడం అంతా మామూలు కాగితం మీద కానివ్వండి. ఖాయమయ్యాక ట్రేసింగ్ తీసి, కిటికీ అద్దానికి ఆనించి 2హెచ్‌తో తేలిగ్గా ఎక్కించండి. గీత కంటికి కనిపిస్తే చాలు.

ఏ3 షీటులో పూగుత్తి పైన ఎడమవైపు. కుడివైపు, మధ్య భాగం ఆకుకు. కింద కుడి మూల కాయకు. ఆ జాగాలు ఇప్పుడే పెన్సిల్‌తో గుర్తు పెట్టి ఖాళీగా వదలండి. ఖాళీ చూస్తే చేయి ఊరుకోదు, ఇంకో రెండు పూలు వేద్దామనిపిస్తుంది. వేయకండి.

మోదుగ ఆకు పెద్దది. నడిమి ఆకే జానెడు దాకా రావచ్చు, మూడూ వదిలిన జాగాలో పట్టవు. దీనికి పాతవాళ్ళు చేసిన ఉపాయమే వాడండి: ఒక ఆకును మడిచి వెనకవైపు చూపించడం, లేదా ఒకదానిని పూర్తిగా రంగు వేసి మిగతావి గీత మాత్రమే వదలడం. చూడాలనుకుంటే వృక్షశాస్త్రజ్ఞుడు రాక్స్‌బర్గ్ రాసిన కోరమాండల్ తీర మొక్కల పుస్తకం, 1795లో మొదలైన సంపుటాలు, బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ సైటులో ఉచితంగా ఉన్నాయి. మోదుగ అక్కడ బ్యూటియా ఫ్రాండోసా పేరుతో ఉంటుంది, ఇప్పటి పేరు బ్యూటియా మోనోస్పెర్మా. కాపీ కొట్టడానికి కాదు, జాగా ఎలా సర్దారో చూడటానికి.

వెలుగు పైన ఎడమవైపు నుంచి వస్తున్నట్టు వేయడం వృక్ష చిత్రాల్లో ఆనవాయితీ. ఆకు వేయడానికి ఏప్రిల్లో కూర్చున్నప్పుడు కూడా అదే వైపు నుంచి వెలుగు పడేలా చూసుకోండి.

6. రంగు వేసే వరస

పూవుకు:

1. వెలుగు పడే చోటు కాగితాన్ని అలాగే వదిలి, మిగతా అంతా పల్చటి గాంబోజ్. ఆరనివ్వండి.
2. స్కార్లెట్ పల్చగా, అంచు నుంచి లోపలికి. తడి బ్రష్‌తో అంచు కరిగించండి. ఆరనివ్వండి.
3. అదే మళ్ళీ రెండు, మూడు సార్లు. ఒక్క పూతలో చిక్కదనం కోసం చూడకండి.
4. నీడలు.
5. చివరగా 1వ నంబరు బ్రష్‌ను దాదాపు పొడిగా చేసి, సన్న సన్న గీతలతో ఈనెలు, అంచులు.

రేకల బయటివైపు వెండి రంగు నూగు ఉంటుంది. దీన్ని తెల్ల రంగుతో వేయాలని చూస్తారు, సున్నం కొట్టినట్టు వస్తుంది. నూగు కనిపించే చోట మూడో పూత తగ్గించి, పొడి బ్రష్‌తో సన్న గీతలు ఒకే దిశలో లాగండి. గీతల మధ్య మిగిలిన లేత రంగే నూగు.

రక్షకపత్రం ముఖమల్‌లా మెత్తగా, దాదాపు నల్లగా కనిపిస్తుంది. బర్న్ట్ సియెన్నా, అల్ట్రామెరైన్ కలిపితే ఆ ముదురు వస్తుంది, ఒక చుక్క పసుపు వేస్తే ఆకుపచ్చ ఛాయ తగులుతుంది. మెరుపు పెట్టకండి.

ఆకు ఏప్రిల్లో. విస్తళ్ళు కుట్టేవాళ్ళ దగ్గర ఆకు సులువుగా దొరుకుతుంది కానీ ఎక్కువగా కాడ ఉండదు, మీకు కాడే ముఖ్యం. కాడ అడుగున ఉబ్బు, నడిమి ఆకుకు పొడవైన చిన్నకాడ, పక్క ఆకుల అడుగు ఒక వైపు ఎక్కువ ఒక వైపు తక్కువగా ఉండటం, కొనకు చిన్న నొక్కు: ఈ నాలుగూ సరిగ్గా వస్తే రంగు లేకున్నా మోదుగేనని తెలిసిపోతుంది. ఆకుపచ్చకు గాంబోజ్, అల్ట్రామెరైన్, చిటికెడు బర్న్ట్ సియెన్నా. ఈనెను గీయకండి, ఈనెకు అటూఇటూ రంగు వేయండి. లేత గీతగా ఈనె దానంతట అదే మిగులుతుంది.

ఏప్రిల్ ఎండలో ఇంకో తలనొప్పి. బ్రష్ ఎత్తేలోపే రంగు ఆరి అంచు గట్టిగా పడుతుంది. పొద్దున తొమ్మిదిలోపు పని ముగించండి, ఫ్యాను ఆపండి, రంగు వేయబోయే ఆకు భాగాన్ని ముందు మంచినీళ్ళతో తడపండి.

తప్పులూ దిద్దుబాట్లూ:

- గట్టి అంచు పడింది: పూర్తిగా ఆరాక తడి బ్రష్‌తో రెండు, మూడు సార్లు నిమిరి, టిష్యూతో అద్దండి. రుద్దకండి.
- రంగు బురదైంది: కింది పూత ఆరకముందే పైది వేశారు. ఆ చోట ఎత్తేసి, ఆరబెట్టి, మళ్ళీ పసుపు నుంచి మొదలు.
- పూవు బల్లపరుపుగా ఉంది: రంగు పెంచడం కాదు, నీడ చాలలేదు. రేకలు ఒకదాని కింద ఒకటి దూరే చోట ముదురు చేయండి.
- అన్ని పూలూ ఒకేలా ఉన్నాయి: ఒక్క పూవునే చూసి గుత్తంతా వేశారు. దిద్దడం కష్టం, మొగ్గల వైపైనా తేడా చూపించండి.

7. చెక్కుడు ప్రింటు

పెయింటింగుతో ఆగకుండా ప్రతులు కూడా తీయాలనుకునేవాళ్ళకు ఈ భాగం. ఆ పాత పుస్తకాల కాలంలో ముద్రణకు బొమ్మను రాగి రేకు మీద ఉలితో చెక్కి, గీతల్లో సిరా నింపి, కాగితం మీద ఒత్తి, తర్వాత ఒక్కో ప్రతికీ చేత్తో రంగు వేసేవారు. రాగి రేకు, బురిన్ అనే ఆ ఉలి ఇంట్లో మొదలుపెట్టడానికి ఖర్చైన పని, చేయి తిరగడానికీ చాలా కాలం పడుతుంది. డ్రైపాయింట్ సులువు: అక్రిలిక్ షీటు మీద సూదితో గీరడం. రాగి గీతంత శుభ్రంగా ఉండదు, గీత అంచు కాస్త మసకగా, మెత్తగా వస్తుంది. నాకైతే మోదుగ నూగుకు ఆ మసకే బాగా నప్పుతుంది.

1. సైన్‌బోర్డు షాపులో 2 మి.మీ. అక్రిలిక్ ముక్కలు అడగండి. నాలుగు అంచులూ ఆకురాయితో ఏటవాలుగా అరగదీసి, మూలలు గుండ్రం చేయండి. లేకపోతే ప్రెస్‌లో కాగితం తెగుతుంది.

2. ట్రేసింగ్‌ను బోర్లా తిప్పి ఈ అక్రిలిక్ ప్లేటు కింద టేపు వేయండి. ప్రింటులో బొమ్మ తిరగబడుతుంది కాబట్టి ముందే తిప్పి ఉంచాలి. మోదుగకు పెద్ద తేడా తెలియదు కానీ శంఖపుష్పంలాంటి తీగను తిప్పకుండా చెక్కితే, అది కర్రను తప్పు దిశలో చుట్టుకుంటుంది. ప్లేటు మీద పేరు రాస్తే అదీ తిరగేసే రాయాలి.

3. గట్టి ఉక్కు సూదిని చెక్క పిడికి బిగించి గీరండి. నీడ కోసం గీతలు ఆకారం వంపును అనుసరించాలి, ఆకు మీద ఈనెల దిశలో, రేక మీద అంచు నుంచి మొదలుకు. అడ్డదిడ్డంగా గళ్ళు వేస్తే ఆకు బల్లలా కనిపిస్తుంది. రంగు వేయబోయే పూవులో గీతలు తక్కువ పెట్టండి.

4. చెక్కుడు ప్రింట్లకు వాడే నూనె ఆధారిత ఎచింగ్ సిరాను అట్టముక్కతో గీతల్లోకి నెట్టండి. గంజి పెట్టిన పల్చటి నూలు గుడ్డతో గుండ్రంగా తుడవండి, ఆఖర్న టిష్యూను అరచేత్తో పరచి తేలిగ్గా. నలుపులో కాస్త బర్న్ట్ అంబర్ కలిపిన సిరా నారింజ కింద మురికిగా కనిపించదు.

5. కాగితాన్ని పది, పదిహేను నిమిషాలు నానబెట్టి, తెల్ల నూలు తువ్వాలు మధ్య అద్దండి. పైన తడి మెరుపు పోవాలి, లోపల చెమ్మ ఉండాలి. న్యూస్‌పేపరుతో అద్దితే అక్షరాలు అంటుకుంటాయి.

6. ఒత్తడానికి ఎచింగ్ ప్రెస్ (ప్లేటునూ కాగితాన్నీ కలిపి రోలర్ కింద నొక్కే యంత్రం) ఉంటేనే మేలు. విశాఖ, భువనేశ్వర్ వైపు ఫైన్ ఆర్ట్స్ కాలేజీల్లో తెలిసినవాళ్ళుంటే అడగండి, ప్లేటు ముందే సిద్ధం చేసుకుని వెళితే ఒక పూటలో పని అవుతుంది. ప్రెస్ దొరకకపోతే పల్చటి తడి కాగితం మీద స్టీలు చెంచా వెనకవైపుతో గట్టిగా రుద్దండి. ప్రింటు కాస్త వెలవెలబోతుంది, ప్లేటు ఎక్కడ లోతు చాలలేదో మాత్రం తెలిసిపోతుంది.

అక్రిలిక్ మీది గీత తొందరగా అరుగుతుంది. మొదటి ప్రతులే నిండుగా వస్తాయి, వాటిని రంగుకు పక్కన పెట్టుకోండి.

ప్రింటు బూడిదగా వస్తే ఎక్కువ తుడిచారు, లేదా గీత లోతు లేదు. అంతా మసిగా వస్తే తక్కువ తుడిచారు. గీతలు తెగితెగి వస్తే కాగితం ఆరిపోయింది.

సిరా వేలికి అంటనంతగా ఆరాకే రంగు. వారం అనుకోండి, వానాకాలంలో ఇంకా ఎక్కువ. ఇక్కడ రంగు పెయింటింగులో వేసినట్టు పూతలు పూతలుగా వేయకూడదు. నీడ పని గీతలే చేస్తున్నాయి, మీరు పల్చగా ఒకటి, రెండు పూతలు వేసి ఆపేయాలి.

8. కాయ, పేరు, భద్రం

కాయ ముదిరాక కింద మూల నింపండి. బల్లపరుపు కాయ, గింజ ఒక్కటే, అదీ కొన దగ్గర. ఉబ్బు మధ్యలో వేయకండి.

ప్లేటు అడుగున పెన్సిల్‌తో:

- మోదుగ, ఒడియాలో పలాశ, శాస్త్రీయ నామం
- సవర, కువి భాషలు మాట్లాడే ఊళ్ళలో చూసి వేస్తే అక్కడివాళ్ళు ఏమంటారో అడిగి, విన్నది విన్నట్టు
- ఊరు, జిల్లా, చెట్టు పొలం గట్టు మీదిదా రోడ్డు పక్కదా
- మూడు తేదీలు: పూవు, ఆకు, కాయ
- సైజు, పెంచి వేసిన భాగాలకు ఎన్నింతలో

రంగు పట్టీ పారేయకండి, ప్లేటు వెనక క్లిప్పు పెట్టండి. వచ్చే ఏడాది రంగు వెలిసిందో లేదో దానితోనే తెలుస్తుంది.

వంశధార పక్కన ఉండేవాళ్ళకు జులై నుంచి చెమ్మతో బాధ. బటర్ పేపరు మధ్య పెట్టి, సిలికా జెల్ పొట్లాలతో పాటు స్టీలు పెట్టెలో ఉంచండి. గోడకు ఆనించిన చెక్క బీరువాలో వద్దు. ఎండ వచ్చిన రోజు పెట్టె తెరిచి నీడలో గాలాడనిచ్చి, పొట్లాలు వేడిచేసి మళ్ళీ వేయండి.